గురువారం మేడమీద

"అది కాదు ఆర్డీ, ఒక్కసారి ఈ అట్ట చూడు," అన్నాడు వెర్లిన్. అనడం మూడోసారి.

ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డ ఆర్డిస్ తలెత్తలేదు. ఆ అట్టని నిన్న సాయంత్రం ఒకసారి, పొద్దున కాఫీ తాగుతూ ఒకసారి చూసింది. పోయినేటి కేలండర్ వెనక అట్ట అది. దానిమీద స్కేలు పెట్టి గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఇంటిపని ఒక్కోటి పొందిగ్గా రాశాడు. ఇద్దరి పేర్లకీ రెండు రంగుల పెన్సిళ్ళు వాడాడు. వెర్లిన్‌ది నీలం.

"ఇద్దరం కలిసి దిగామంటే గురువారం పొద్దున్నే మేడ పని మొదలవుతుంది. మైనం రాయడం నేను చూసుకుంటా. మధ్యాహ్నానికి కింద గదులు కూడా లాగించేస్తాం. ఇంక శుక్రవారం మొత్తం ఖాళీ. చెరువుకి పోయి చేపలు పట్టుకోవచ్చు."

"పట్టిన చేపలు ఎవరు తోముతారు?"

"నేనే తోముతా."

"ఎక్కడ? నా వంటింట్లోనా?"

"నువ్వు ఎక్కడ తోమమంటే అక్కడ."

"శుక్రవారం వంటిల్లు కడుగుతాను కాబట్టే శనివారం రొట్టెలకి చోటు శుభ్రంగా ఉంటోంది. నువ్వు శుక్రవారం తెచ్చి పొలుసులు రాలుస్తానంటున్నావు."

"వంటిల్లు గురువారమే అయిపోతుంది కదా, అదేగా చెప్తున్నా."

"అయిపోయిన వంటింట్లో పొలుసులు రాలుస్తావన్నమాట."

వెర్లిన్ అట్టవైపు చూశాడు. పొలుసుల గడి అందులో లేదు. చెవి మీద పెన్సిలు తీసి, ఏదో రాయబోయి, మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు.

అతను రిటైరై సరిగ్గా మూడు వారాలు. విస్కాన్సిన్‌లో ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ పాలూ వచ్చి చేరే చీజ్ ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాడు. అందులో చివరి పంతొమ్మిదేళ్ళు శుభ్రత విభాగానికి పెద్ద. ఈత కొట్టగలిగేంత తొట్లు, గొట్టాలు, నేల, గోడలు ఏ గంటకి ఏ నీళ్ళతో కడగాలో, కడిగాక ఎక్కడ వేలు పెట్టి చూడాలో అతనికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. పనివాళ్ళు అతని వేలికి భయపడేవాళ్ళు. ఆ వేలికి ఇప్పుడు పని లేదు. మొదటివారం కిందనున్న సెల్లార్ సర్దింది. రెండోవారం కారు గారేజీలో మేకులన్నిటినీ పొడుగు ప్రకారం సీసాల్లో పోసింది. మూడోవారం ఇదిగో, ఇంటిపని మీదికొచ్చింది.

ఆర్డిస్‌కి అతను సాయం చేస్తాననడం ఇష్టం లేక కాదు. సెల్లార్‌లో పెట్టెలు మోసినప్పుడు సంతోషించింది. శుక్రవారం కింద గదులు ఊడుస్తానన్నా సంతోషించేది. సోమవారం బట్టలు ఆరేస్తానన్నా సరేననేది. గురువారం మేడ మాత్రం వదల్లేదు. ఎందుకు వదల్లేదో చెప్పలేదు. అక్కడొచ్చింది చిక్కు.

ఆ ఇంట్లో రోజులు ఓవెన్ పిడి మీద వేలాడేవి. పెళ్ళినాడు అత్తగారు హుల్డా ఇచ్చిన ఏడు తువ్వాళ్ళు, గిన్నెలు తుడుచుకునేవి. ఒక్కోదాని మీద ఒక్కో పిల్లికూన, దారంతో కుట్టింది. సోమవారం పిల్లి బట్టలుతుకుతుంది. మంగళవారం పిల్లి ఇస్త్రీ చేస్తుంది. బుధవారం పిల్లి సూదిలోకి దారం ఎక్కిస్తుంది. గురువారం పిల్లి మైనం డబ్బా, గుడ్డ పట్టుకుని మెట్లెక్కుతుంది. శుక్రవారం పిల్లి చేతిలో చీపురు, శనివారం పిల్లి ముందు కేకు. ఆదివారం పిల్లి మాత్రం టోపీ పెట్టుకుని పాటల పుస్తకంతో చర్చికి పోతుంది. మొదటి జత పదేళ్ళకి చిరిగింది. బొమ్మలు కాగితం మీద దించుకుని ఆర్డిస్ రెండో జత కుట్టింది, తర్వాత మూడోది. హుల్డా పక్కవీధిలోనే ఉండేది. ఎప్పుడొచ్చినా ముందు ఓవెన్ వైపు చూసేది. పిల్లి సరైనదా కాదా చూసుకుని, ఆ తర్వాతే "బాగున్నావా" అని పలకరించేది. ఆవిడ పోయి ఏడేళ్ళయినా ఆర్డిస్ బుధవారంనాడు మంగళవారం పిల్లిని ఒక్క గంట కూడా ఉంచలేదు.

గురువారం పనికి ఒక పద్ధతుంది. పొద్దున మేడమీద మూడు పడకగదుల దుమ్ము దులిపి, ఊడ్చి, భోజనమయ్యాక ఒంటిగంటకి మైనం డబ్బాతో పైకెక్కాలి. మోకాళ్ళ మీద కూర్చుని చెక్కనేల మొత్తం మైనం రాయాలి. ఆరాక గుడ్డతో రుద్ది మెరుపు తేవాలి. నాలుగింటిదాకా ఎవరూ పైకి రాకూడదు. అందుకు గుర్తుగా మెట్ల అడుగున చీపురు అడ్డంగా పెట్టేది. చీపురు ఉందంటే పిల్లలే కాదు, కుక్క కూడా ఆగిపోయేది. సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వెర్లిన్ మెట్ల దగ్గర బూట్లు విప్పి, చేత్తో పట్టుకుని, మేజోళ్ళతో గోడకి ఆనుకుని నడిచేవాడు, కొత్త మైనం మీద అడుగు పడకూడదని. "నేల బ్రహ్మాండంగా ఉంది ఆర్డీ," అని పైనుంచి కేకేసేవాడు. ప్రతి గురువారం.

పదకొండేళ్ళ కింద కూతురు కోనీ పెళ్ళికి ముందు ఆ నేల బాగుచేయించారు. చెక్క గీరి, దానిమీద గాజులాంటి కొత్తరకం వార్నిష్ మూడుపూతలు పూశారు. పని పూర్తయిన రోజు వెర్లిన్ ఫ్యాక్టరీలో ఉన్నాడు. పనివాడు బ్రష్షులు కడుక్కుంటూ ఆర్డిస్‌తో చెప్పాడు: "దీనికింక మైనం రాయకండి. రాస్తే మసకబారుతుంది. తడిగుడ్డ చాలు."

మరుసటి గురువారం ఒంటిగంటకి ఆర్డిస్ అలవాటుగా డబ్బా పట్టుకుని పైకెక్కింది. చీపురు అడ్డం పెట్టే ఎక్కింది. కోనీ గదిలో మోకాళ్ళ మీద కూర్చుంది. అప్పుడు గుర్తొచ్చింది, రాయడానికేమీ లేదని. లేచి, కిటికీ దగ్గరున్న కుర్చీలో కాసేపు కూర్చుందామనుకుంది. కింద ఫోను మోగి ఆగిపోయింది. ఎవరో తలుపు తట్టి, గురువారమని గుర్తొచ్చి వెళ్ళిపోయారు. ఎదుటి బడి ఆవరణలో పిల్లలు ఊయల కోసం తగువులాడుకుని, సర్దుకుని, మళ్ళీ తగువులాడుకున్నారు. గడియారం చూస్తే నాలుగవుతోంది. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో పగటిపూట అంతసేపు ఆమె కూర్చున్నది ప్రసవాలప్పుడు తప్ప లేదు. ఆ సాయంత్రం చెప్దామనే అనుకుంది. ఈలోగా పైనుంచి వెర్లిన్ కేక వినపడింది: "నేల బ్రహ్మాండంగా ఉంది ఆర్డీ."

అంతే. ఆ వారం చెప్పలేదు. పై వారం చెప్పడం ఇంకొంచెం కష్టమయింది. ఆరునెలలయ్యేసరికి చెప్పడానికి వీల్లేకుండా పోయింది. మిగతా ఆరురోజులూ ఆమె పిల్లి చెప్పినట్టు చేసేది, ఏ మూలా వదలకుండా. ఆ మూడు గంటలు ఉన్నాయి కాబట్టే మిగతా వారమంతా నవ్వుతూ నడిచిపోయేది. ఇప్పుడు వెర్లిన్ అట్టమీద ఆ మూడు గంటల గడిని నీలంరంగు పెన్సిలుతో నింపేశాడు.

నేలకి మైనం అక్కర్లేదని ఒక్కమాట చెప్తే రాయడం ఆగిపోతుంది, నిజమే. ఆ వెంటనే, మరి పదకొండేళ్ళు పైన ఏంచేశావని అడుగుతాడు.

బుధవారం ఆమె అతన్ని ఎన్నిరకాలుగా మళ్ళించాలో అన్నిరకాలుగానూ మళ్ళించింది.

"ట్రక్కుకి ఆయిల్ మార్చాలన్నావుగా, రేపు మార్చకూడదూ."

"నిన్ననే మార్చా."

"పక్కింటి గెరాల్డ్ కంచె వేసుకుంటున్నాడట, పాపం ఒక్కడే."

"గురువారం నాకు తీరదని చెప్పేశాను. ఆర్డీ, నీ మోకాళ్ళు చూస్తున్నానుగా, మెట్లెక్కేటప్పుడు పటపటమంటున్నాయి. ఇన్నేళ్ళూ నేను ఇంట్లో లేను కాబట్టి నువ్వే చేసుకున్నావు. ఇప్పుడున్నాను."

అంత మంచిగా మాట్లాడే మనిషిని మళ్ళించడం కన్నా తిట్టే మనిషిని మళ్ళించడం తేలిక. చేతిలో ఉన్న చొక్కాకి గుండీ కుట్టడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక చూస్తే ఉన్న గుండీ మీదే కుడుతోంది.

గురువారం మధ్యాహ్నం భోజనం బల్ల దగ్గరికి వెర్లిన్ ఫ్యాక్టరీ తెల్లటోపీ పెట్టుకుని వచ్చాడు. మోకాళ్ళకి పాత రగ్గు ముక్కలు తాళ్ళతో కట్టుకున్నాడు.

"ఇదేంటయ్యా, యుద్ధానికా?"

"పనికి వెళ్ళేటప్పుడు పనివాడిలా ఉండాలి." సూపు తాగడం అయిపోయింది. గిన్నె తీసుకెళ్ళి తొట్టిలో పెట్టాడు. "నువ్వు గిన్నెలు కడుక్కో. నేను మొదలెడుతుంటా."

మెట్లెక్కబోతూ ఆగి, చీపురు అడ్డంగా పెట్టి, దాన్ని తనే దాటి పైకెక్కాడు.

ఆర్డిస్ గిన్నెలు కడిగింది. పైన మంచం జరిగిన చప్పుడు, బకెట్టు చప్పుడు. "స్క్రూడ్రైవర్ ఎక్కడుంది?" అని ఒక కేక. "సొరుగులో," అంది. అతను వచ్చి తీసుకుని మళ్ళీ ఎక్కాడు. డబ్బా మూత తీస్తున్నట్టు టక టక చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆమె మెట్లెక్కే పిల్లి తువ్వాలుతో ఒకే పళ్ళేన్ని తుడుస్తూ నిలబడింది.

"ఆర్డీ, ఒకసారి పైకి రా."

కోనీ గదిలో వెర్లిన్ నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముందు మైనం డబ్బా తెరిచి ఉంది. లోపల మైనం ఎండి, పండిపోయి, వేసవిలో చెరువు అడుగులా బీటలు వారి ఉంది.

"ఈ డబ్బా ఎప్పటిది?"

"చాలాకాలం నాటిది."

"దీనిమీద ఓల్సన్ కొట్టు చీటీ ఉంది. ఓల్సన్ కొట్టు మూసి ఎనిమిదేళ్ళయింది."

ఆమె గుమ్మం చట్రం పట్టుకుంది.

వెర్లిన్ తన వేలు, ఆ పేరుమోసిన వేలు, మైనం మీద నొక్కాడు. "వేలు దిగట్లేదు. గోరు కూడా దిగట్లేదు. మరి ఈ నేలకి ఏం రాస్తున్నావు?"

"ఏమీ రాయట్లేదు."

చెప్పింది. వార్నిష్ సంగతి, పనివాడి మాట, మొదటి గురువారం. చెప్తున్నంతసేపూ గుమ్మం చట్రం పట్టుకునే ఉంది. అతను టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"పదకొండేళ్ళు," అన్నాడు. "ప్రతి గురువారం బూట్లు చేత్తో పట్టుకుని గోడకి కరుచుకుని నడిచాను."

"చూశాను."

"చూసి ఊరుకున్నావా?"

"మొదట్లో చెప్దామనుకున్నా. నువ్వేమో నేల బ్రహ్మాండంగా ఉందన్నావు."

"బ్రహ్మాండంగానే ఉంది మరి." నేలవైపు చూశాడు. మెరుస్తోంది. అబద్ధం చెప్పలేదు నేల. "ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. మా ఇంటికొచ్చి మేడ చూడండి, రుద్దడమంటే ఏంటో తెలుస్తుందని. నీ చేతి గురించి ఎంత చెప్పానో."

ఇది ఆమె అనుకోలేదు. కోపం వస్తుందనుకుంది. చిన్నబోతాడని అనుకోలేదు.

"తప్పే వెర్లిన్," అంది.

అతను కాసేపు డబ్బా మూత అటూ ఇటూ తిప్పాడు. "సరే. మరి మూడు గంటలు ఏం చేసేదానివి? అల్లికా?"

"కాదు."

"బైబిలు చదువుకునేదానివా?"

"లేదు."

"ఉత్తరాలు?"

"ఏమీ చేసేదాన్ని కాదు వెర్లిన్. కూర్చునేదాన్ని. కాఫీ తాగేదాన్ని. బడిపిల్లల్ని చూసేదాన్ని."

"అంతేనా?"

"రెండు బిస్కెట్లు." నిజం చెప్పడం మొదలుపెట్టాక ఆపడం కష్టం. "ఒక్కోసారి మూడు."

కిటికీ తెర వెనక నుంచి పొట్లం తీసింది. వెర్లిన్ దాన్ని తిప్పి చూశాడు. ప్రతి శనివారం రెండు డబ్బాల నిండా బిస్కెట్లు కాల్చే ఇంట్లో ఆ పొట్లం.

"కొన్నవా?" అన్నాడు, గొంతు తగ్గించి, కింద ఎవరో వింటున్నట్టు.

"కొన్నవే."

మైనం సంగతికన్నా ఇది మింగుడుపడటం కష్టమైనట్టుంది. చాలాసేపు పొట్లం మీది రాత చదివాడు. ఆ తర్వాత ఒకటి తీసి కొరికి, నమిలాడు.

"ఏం, బానే ఉన్నాయి," అన్నాడు.

అప్పుడు ఆర్డిస్‌కి నవ్వొచ్చింది. ఆపుకోలేక మంచం మీద కూలబడింది. అతనూ మూతి ముడవబోయి ముడవలేక నవ్వాడు.

"ఏదీ, చూద్దాం, ఏముందో అందులో," అని లేచి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. చేతులు కట్టుకున్నాడు. బడి ఆవరణ వైపు చూశాడు. నిమిషం గడిచింది. రెండో నిమిషంలో మెడ వంచి కిటికీ పైకి చూశాడు. "ఆ వాననీళ్ళ గొట్టం వంగింది," అన్నాడు. మూడో నిమిషంలో కిటికీ అద్దం అంచు మీద వేలు పెట్టి చూసుకున్నాడు. నాలుగో నిమిషంలో లేచి నిలబడ్డాడు.

"నీవల్ల కాదు," అంది ఆర్డిస్. "దీనికి అభ్యాసం కావాలి."

"అవునే," అన్నాడు అతను, మర్యాదగా. ఒక పెద్ద పనివాణ్ణి చూసినట్టు ఆమె వైపు చూశాడు.

కిందికి దిగబోతూ గుమ్మంలో ఆగాడు. "కోనీకి మాత్రం చెప్పొద్దు ఆర్డీ. ఆ పిల్ల ఈ నేల చూస్తూ పెరిగింది. మన ఇద్దరి మధ్యే ఉండనీ. నీ మూడు గంటలు నువ్వు తీసుకో, నేను కింద గొట్టం బాగుచేస్తుంటా."

ఆ సాయంత్రం అట్టమీద గురువారం గడిలో నీలం చెరిపేసి ఉంది. దాని బదులు నీటుగా "మేడ: ఆర్డిస్ ఒక్కతే" అని రాసి ఉంది. ఇంతకన్నా ఏం కావాలి? ఆర్డిస్‌కి కుర్చీ దక్కింది. పైగా ఇప్పుడు కాపలా కూడా ఉంది. శుక్రవారం, శనివారం ఇద్దరూ ఒక దొంగతనంలో పొత్తు కలిసిన పిల్లల్లా ఎదురుపడినప్పుడల్లా పెదవులు బిగబట్టుకుని తిరిగారు.

ఆదివారం చర్చి అయ్యాక కోనీ, అల్లుడు డీన్, పిల్లలిద్దరూ భోజనానికి వచ్చారు. ప్రతి ఆదివారం వస్తారు. హ్యామ్, పాలల్లో ఉడికించిన బంగాళాదుంపలు, బీట్‌రూట్ ఊరగాయ, జెల్లీ. టోపీ పెట్టుకున్న పిల్లి ఓవెన్ పిడి మీద ఉంది.

కోనీ కుర్చీలో కూర్చోబోతూ బల్ల అంచు పట్టుకుని "అబ్బా" అంది.

"ఏమైందే?"

"ఏం లేదమ్మా, మోకాలు. గురువారం."

"గురువారం ఏమైంది?"

"ఏమవుతుంది, మైనం," అన్నాడు డీన్, బంగాళాదుంపలు వడ్డించుకుంటూ. "బ్యాంకు నుంచి ఐదింటికి వస్తుంది అత్తయ్యా. వచ్చీరాగానే బకెట్టు పట్టుకుని మా మేడెక్కుతుంది. మాకేమో చీపురు అడ్డం. నేనూ పిల్లలూ కిందే సోఫా మీద కూర్చుని ఆవిడ ఎప్పుడు దిగొస్తుందా అని చూస్తుంటాం. మన నేలమీద కాఫీ ఒలకబోసుకుని తాగొచ్చే తల్లీ అని చెప్పినా వినదు."

"నువ్వు ఎక్కడైనా ఒలకబోసుకుని తాగుతావులే," అంది కోనీ. "మా అమ్మ ముప్పై అయిదేళ్ళుగా చేస్తోంది. వారానికి ఒక్కరోజు నేను చెయ్యలేనా?"

"గురువారం మీ బౌలింగు కదే?" అంది ఆర్డిస్.

కోనీ ఊరగాయ గిన్నె అందుకుంది. "మానేశానమ్మా. మొన్ననే వాళ్ళకి చెప్పేశాను, ఇంకొకర్ని చూసుకోమని. రెండూ కుదరట్లేదు. ఆటకి టైమైపోతోందని గబగబా మైనం రాస్తుంటే మచ్చలు పడుతున్నాయి."

మానేశాననడం మామూలుగానే అంది. చిన్నప్పుడు, తనకి రావాల్సిన కేకు ముక్క తమ్ముడికిచ్చేసి, నాకు ఆకలిగా లేదని అన్నప్పుడు కూడా ఆ పిల్ల ఇలాగే మామూలుగా అనేది. బంతి దొర్లించి కొయ్యసీసాలు పడగొట్టే ఆ బౌలింగు జట్టులో బడినాటి స్నేహితులు నలుగురు. వారంలో కోనీ ఇంట్లోంచి తనకోసం బయటికెళ్ళేది ఆ ఒక్కపూటే.

"పోనీ మెరుపైనా వస్తోందా అంటే, నీ నేలకొచ్చే మెరుపు నాకు రావట్లేదు," అంది కోనీ. "దాచకుండా చెప్పమ్మా, మైనంలో ఏం కలుపుతావు?"

బల్ల అవతల వెర్లిన్ బంగాళాదుంపల్లోకి చూస్తున్నాడు. ఆర్డిస్ నోరు విప్పేలోగా అతను తలెత్తాడు.

"టర్పెంటైన్," అన్నాడు.

అందరూ అతని వైపు తిరిగారు.

"కొంచెం టర్పెంటైన్ కలుపుతుంది. ఒక చెంచాడు." ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఒక్క తప్పు లెక్క రాయని మనిషి, చెవులదాకా ఎర్రబడిపోయి, ఫోర్కు వైపు చూస్తూ చెప్పాడు. "గోరువెచ్చగా ఉండాలి."

"ఓహో, వెచ్చగానా," అంది కోనీ. చేతిసంచీలోంచి పెన్ను తీసింది. కాగితం కోసం వెతికింది. లేచి ఓవెన్ పక్కకి వెళ్ళేటప్పుడు ఎడమకాలు కొంచెం ఈడ్చింది. గౌను అంచు కింద మోకాలి చిప్ప మీద చర్మం మందంగా, గరుగ్గా కనపడింది. ఆర్డిస్‌కి ఆ చర్మం తెలుసు. ముప్పై మూడేళ్ళ వయసులో తన మోకాళ్ళు కూడా అచ్చం అలాగే ఉండేవి. వార్నిష్ వేయించాక రెండేళ్ళకి మెత్తబడ్డాయి.

పైన కుర్చీ గుర్తొచ్చింది. తలుపు వేసిన గది, అడ్డంగా చీపురు, మోగి మోగి ఆగిపోయే ఫోను. ఒకసారి నోరు జారితే ఆ గది మళ్ళీ ఆ గదిగా ఉండదు. ఖాళీగా ఉందని తెలిసిన మనిషిని ఎవరు మాత్రం పిలవకుండా ఉంటారు? చర్చి ఆడవాళ్ళు కేకులు అడుగుతారు. కోనీ పిల్లల్ని దించుతానంటుంది. గెరాల్డ్ పెళ్ళాం కబుర్లకొస్తుంది. ఎదురుగా కూతురు కాగితం ముక్క మీద "వెచ్చగా" అని రాసుకుంటోంది.

ఆర్డిస్ ఫోర్కు కింద పెట్టింది.

"అది రాయకు కోనీ. టర్పెంటైన్ లేదు, ఏమీ లేదు. మీ నాన్న నాకోసం అబద్ధమాడుతున్నాడు, అదీ సరిగ్గా రావట్లేదు."

వెర్లిన్ టోపీ ఉందేమోనన్నట్టు తల తడుముకున్నాడు.

"ఈ ఇంటి మేడకి పదకొండేళ్ళుగా ఎవరూ మైనం రాయలేదు. నీ పెళ్ళికి వేసిన వార్నిష్‌కి మైనం అక్కర్లేదు. నేను గురువారం ఒంటిగంటకి పైకెక్కి, నీ గదిలో కుర్చీ వేసుకుని నాలుగింటిదాకా ఊరికే కూర్చుంటున్నాను."

డీన్ నోట్లో హ్యామ్ ముక్క నమలడం ఆపేశాడు. కోనీ పెన్ను పట్టుకునే ఉంది.

"ఊరికే అంటే ఏం చేస్తూ అమ్మమ్మా?" అని అడిగింది మనవరాలు.

"ఊరికే అంటే ఊరికే."

"మరి చీపురు?" అంది కోనీ. "చీపురు అడ్డం పెట్టేదానివిగా. నేను సెలవురోజు వచ్చినప్పుడు కూడా, మేజోళ్ళతో..."

"పెట్టాను. మీ అందర్నీ మోసం చేశాను. మీ నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిణ్ణి కూడా. దానికి నువ్వు ఎంత కోప్పడినా పడతాను, కానీ నువ్వు మోకాళ్ళు అరగదీసుకుంటుంటే నేను చూస్తూ పైన కూర్చోలేను."

కోనీ తల్లి మొహంలోకి చూసింది. తర్వాత కాగితం ముక్కని చూసింది. దాన్ని రెండుగా మడిచి, ఇంకోసారి మడిచి, పళ్ళెం అంచు కింద పెట్టింది. "పదకొండేళ్ళా," అంది. ఏడుస్తుందో నవ్వుతుందో తేలక డీన్ ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. "నేను పోయినవారం టూత్‌బ్రష్‌తో మూలలు రుద్దానమ్మా," అంటూ కోనీ నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ నవ్వు సద్దుమణిగేదాకా ఆగి, ఆర్డిస్ బీట్‌రూట్ గిన్నె అల్లుడి వైపు జరిపింది. వచ్చేవారం కూరగాయల సంగతి చెప్తున్నట్టు, నెమ్మదిగా, అందరికీ వినపడేలా చెప్పింది.

"ఇంక దాక్కోవడం అయిపోయింది. ఈ గురువారం నుంచి ముందు వరండాలో కూర్చుంటాను, వీధిలో పోయే ప్రతివాళ్ళకీ కనపడేలాగ. ఒంటిగంట నుంచి నాలుగు. ఫోను మీ నాన్న తీస్తాడు. ఇల్లు కాలిపోతుంటే తప్ప ఎవరూ నన్ను ఏమీ అడగకూడదు. కోనీ, నువ్వు సాయంత్రం బౌలింగుకి వెళ్తున్నావు, రేపే వాళ్ళకి ఫోను చేసి చెప్పు. సెలవున్న గురువారం నాతోపాటు కూర్చుంటానంటే ఇంకో కుర్చీ వేయిస్తాను. బిస్కెట్లు మాత్రం కొన్నవే ఉంటాయి."